అచ్చు చీరలు గీసిన రోజులు

మొన్న మా తమ్ముడి కూతురు అక్షితను చైతన్యపురిలో హాస్టల్లో చేర్పించడానికి తోడు వెళ్లాను. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అక్షిత పెట్టెను కాళ్ల దగ్గర పెట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డాను. మెట్రో మేడల రెండో అంతస్తు ఎత్తున పోతుంది కాబట్టి కింద నడిచేవాళ్లకు ఎన్నడూ కనబడనివన్నీ కనబడతాయి. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన తువ్వాళ్లు, మిద్దెల మీద తిరుగుతూ చదువుకునే పిల్లలు. కొత్తపేట దాటగానే ఒక మిద్దె మీద గది కనిపించింది. దాని మీద ఇప్పుడు రేకులు వేసి, గోడకు హాస్టల్ బోర్డు తగిలించారు. "ఏం చూస్తున్నవ్ అత్తా?" అంది అక్షిత. "మా ఇల్లు" అన్నాను. "అది హాస్టల్ కదా!" "అప్పుడు ఇల్లే. మీ తాత మగ్గం దిగిన కాడికెల్లి తెలంగాణ వచ్చేదాంక అండ్లనే ఉన్నం." అంతలోనే ఆ గది వెనక్కి పోయింది. అక్షిత చేరబోయేది ఏదో డేటా కోర్సు. పేరు రెండుసార్లు చెప్పినా నా నోటికి రాలేదు. అది పూర్తయ్యేలోపు కొత్తది వస్తుందట, అప్పుడు అది కూడా నేర్చుకుంటుందట. ఆ మాట ఎంత తేలిగ్గా చెప్పిందంటే, ఆ వయసులో నేను పడ్డ భయం గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

మాది పోచంపల్లి దగ్గరి ఊరు. నాయిన భిక్షపతి, ఆయన అన్న, మా తాత అందరూ నేతగాళ్లే. నూలును ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేసే పని మాది. ఆ ముడులు కట్టడాన్ని చిటికి కట్టడం అంటాం. సైకిల్ ట్యూబు పీలికలతో ఎక్కడ ముడి వేస్తే అక్కడ రంగు ఎక్కదు, అదే పువ్వవుతుంది, చిలుకవుతుంది. అమ్మ పని ఆసు పోయడం. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చెక్క ముందు కూర్చుని, ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చెయ్యి చాచి, నూలును మేకు మేకుకూ తిప్పాలి. ముప్పయ్యేళ్లకే అమ్మ కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఇక నాయిన మగ్గం దిగడానికి కారణం ఒక ముచ్చటలో చెప్పొచ్చు. ఆయన రెండు నెలలు కూర్చుని కొత్త డిజైన్ నేస్తే, అది అంగట్లోకి వచ్చిన నెలలోపే అచ్చం అలాంటి బొమ్మే సూరత్ నుంచి అచ్చు గుద్దిన చీరగా వచ్చేది. ధరలో ఎక్కడా పోలిక లేదు. ఒక ఏడాది చూశాడు, రెండేళ్లు చూశాడు. తర్వాత మగ్గానికి గుడ్డ కప్పి మమ్మల్ని తీసుకుని పట్నం వచ్చాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్ కొలువు దొరికింది. ఏ చీరైనా ఒక్కసారి తిరగేసి చూసి చెప్పేవాడు. నేసిన బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది, అచ్చుది వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. ఆ కన్ను కోసమే సేటు ఆయన్ను పెట్టుకున్నాడు. కానీ రోజంతా అమ్మాల్సింది మాత్రం ఎక్కువగా ఆ అచ్చు చీరలే. తన మగ్గాన్ని ఆపిన చీరలనే తను విప్పి, గాలిలో పరిచి, "చూడమ్మా, ఎంత మంచిగున్నదో" అనాలి. ఇంటికొచ్చాక ఆ సంగతి ఎన్నడూ ఎత్తేవాడు కాదు. కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుని, అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన పీల్చుకుంటూ "ఇయ్యాల గిరాకీ మంచిగుండె" అనేవాడు, అంతే. గోళ్ల మూలల్లో పాత రంగు ఇంకా పోలేదు. అమ్మ పొద్దంతా మిద్దె మీద నీడలో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేది, ఎడమ చేత్తో కుట్టడం అలవాటు చేసుకుంది. గదిలో స్టవ్వు, బీరువా, మూడు చాపలు, నా పుస్తకాలు, తమ్ముడి బ్యాటు ఉండేవి. కింద ఉండే ఇంటి యజమానులది గుంటూరు వైపు. సరోజిని ఆంటీ, ఆమె భర్త, ఇద్దరే. వాళ్ల ఇంట్లో కందిపొడి దంచిన రోజు మెట్ల మీదంతా వేయించిన పప్పు వాసన. "ఏవమ్మా, పిల్లలు వచ్చారా? ఈ పొడి కాస్త తీసుకెళ్ళు" అని కిందనుంచి కేకేసేది. అమ్మ సర్వపిండి చేస్తే ఒక ముక్క కిందికి పోవాల్సిందే.

నేను తెలుగు మీడియంలో డిగ్రీ చదివాను. కామర్స్. డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది, దానితో ఎక్కడా తలుపు తెరుచుకోదని. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఆ రోజుల్లో ఆకాశం కంటే బోర్డులే ఎక్కువ కనబడేవి. జావా, ఒరాకిల్, బ్యాంకు కోచింగ్, గ్రూప్ టూ, స్పోకెన్ ఇంగ్లీష్, ఒకదాని మీద ఒకటి. ఒకే మెట్ల మీద పైకిపోయే పిల్లలు అమెరికా కంపెనీల కోసం, కిందికి దిగే పిల్లలు పంచాయతీ కొలువుల కోసం. నాకు గణితం భయం, ఇంగ్లీషు అంతకంటే భయం. చిన్నప్పటి నుంచీ బొమ్మలు గీసే చెయ్యి ఒక్కటే నా ఆస్తి కాబట్టి, కంప్యూటర్‌లో డిజైనింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మొదటి వారం మౌసు కదిపితే బాణం గుర్తు తెర అంచుకు పోయి దాక్కునేది. మెనూలో ప్రతి మాటకూ తెలుగులో అర్థం నోట్సులో రాసుకునేదాన్ని. పక్క సీటులో కార్పొరేట్ స్కూల్లో చదివిన పిల్ల, "ఎందుకక్కా రాసుకోవడం, నొక్కితే అదే తెలుస్తుంది కదా" అనేది. నొక్కి చూసే ధైర్యం కూడా ఒక చదువేనని నాకు అప్పుడే అర్థమైంది.

బయట చూస్తే తెలంగాణ ఉద్యమం. ఎల్బీ నగర్ చౌరస్తాలో టెంట్లు, రిలే నిరాహారదీక్షలు, డప్పులు, ఏ రోజు బంద్ అవుతుందో తెలియదు. క్లాసులు సగం రోజులు నడిచేవి. "కొలువులు మనకు రావాలె" అని రోడ్డు మీద నినాదం వినబడుతుంటే, లోపల కూర్చుని నేను వేరే దేశం వాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. ఆ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. రెండూ ఆకలి నుంచే వచ్చాయి. వంటావార్పు రోజు అమ్మ కూడా వెళ్లింది, రోడ్డు మీద పొయ్యి పెట్టి అందరికీ వండాలి. అంత పెద్ద గిన్నె మా దగ్గర లేదు. అమ్మ మొహమాటపడుతూ కిందికి దిగితే, సరోజిని ఆంటీ అటక మీది పెద్ద డేగిశా తనే దింపి ఇచ్చింది. ఇస్తూనే అడిగింది. "తెలంగాణ వచ్చేస్తే మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా అమ్మా?" అమ్మ ఆ డేగిశాను అక్కడే పెట్టేసింది. "ఎవ్వలు అంటరక్కా గట్ల? ఇల్లు మీది, మిమ్ముల పొమ్మనేటోళ్లెవ్వలు? మేం గదా కిరాయికున్నది." ఇద్దరూ నవ్వుకున్నారు. ఆంటీ కళ్లలో మాత్రం నీళ్లున్నాయి. సాయంత్రం డేగిశా తోమి తెచ్చినప్పుడు అమ్మ అందులో కొంచెం పులిహోర మిగిల్చి తెచ్చింది.

కోర్సు కాగానే నాకు ఎల్బీ నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో పని దొరికింది. మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. ఇంట్లో 'కంప్యూటర్ ఉద్యోగం' అని చెప్పాను. నిజమే చెప్పాను, సగమే చెప్పాను. ఆ ఆఫీసు పని అచ్చు చీరలకు డిజైన్లు గీసి మిల్లులకు పంపడం. మొదటిరోజే మేనేజర్ ఒక అసలు పోచంపల్లి చీర నా బల్ల మీద పడేసి, "ఇలాంటిదే కావాలి. చూసినవాళ్లు నేసిందే అనుకోవాలి" అన్నాడు. ఆ చీరను నాయినలాగే తిరగేసి చూశాను, రెండువైపులా ఒకటే బొమ్మ. ఎవరి నోటి కాడి కూడు నేను గీయబోతున్నానో నాకు తెలుసు. అయినా గీశాను. ఇంట్లో నా జీతం కోసం ఎదురుచూస్తున్నారని నాకు నేను చెప్పుకున్నాను. విచిత్రమేమంటే, ఎంత గీసినా అది రాలేదు. పువ్వు అంచులు కత్తితో కోసినట్టు వచ్చేవి. కాస్త మసక చేస్తే అద్దం మీద ఆవిరి పట్టినట్టు ఉండేది. "ఇది చీరా, బాత్రూమ్ టైల్సా?" అన్నాడు మేనేజర్. రెండు నెలలు గడిచాయి. మూడో నెల కూడా ఇలాగే ఉంటే రావద్దని చెప్పాడు.

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బళ్లు మూతపడ్డాయి. ఊళ్ల నుంచి గిరాకీ రాక సేటు సగం మందిని ఇంటి దగ్గరే ఉండమన్నాడు, నాయిన కూడా ఆ సగంలో ఉన్నాడు. కరెంటు గంటలు గంటలు పోయేది. మా ఆఫీసు కూడా కాగితాలు ఇంటికి తీసుకెళ్లి గీసుకురమ్మంది. పట్నం వచ్చాక నాయిన పగటిపూట ఇంట్లో ఉండడం అదే మొదటిసారి. ఒకరోజు మధ్యాహ్నం నేను నీళ్లు పట్టుకుని పైకి వచ్చేసరికి, ఆయన నా ఫైలు విప్పి, కాగితాలను చాప మీద వరసగా పరుచుకుని కూర్చున్నాడు. మధ్యలో ఆ అసలు చీర ఫొటో.

"గిదేంది బిడ్డా?"

"ఆఫీసు పని నాయినా."

"చీరలే గదా. మగ్గం మీదికా?"

నేను బిందె దించాను. "కాదు. అచ్చు చీరలకు."

ఆయన ఆ ఫొటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "గీ చిలుక మెడ చూసినవా? ఒక గడి ఎక్కువుంటది. గిట్ల కట్టేటోడు ఒక్కడే. ఇది మా అన్న చిటికి" అన్నాడు. అని, కాగితాలు మళ్లీ సర్ది ఫైల్లో పెట్టి, మిద్దె చివరకు వెళ్లి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు ఆయన అన్నం తిన్నాడు, అందరితో మాట్లాడాడు, నాతో మాత్రం మాట్లాడలేదు. నేను రాజీనామా మాటలు మనసులో కూర్చుకున్నాను.

తెల్లారి నేను లేచేసరికి నాయిన తమ్ముడి గ్రాఫ్ పుస్తకం, పెన్సిల్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "రా, కూసో" అన్నాడు. "కాపీ కొట్టుడే తప్పు. రాకుంట కొట్టుడు ఇంకా పెద్ద తప్పు." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన కూర్చున్నాను. ఆయన పెన్సిల్‌తో ఒక పువ్వు గీసి, దాని అంచు దగ్గర చెయ్యి ఆపాడు. "నువ్వు అంచును చెరుపుతున్నవ్. మేం ఎవ్వలం చెరపం బిడ్డా. ముడి కింద సందుంటది. రంగు మెల్లగ గా సందుల నుంచి పక్కింటికి పోయొస్తది. మళ్ల నేసేటప్పుడు పోగు ఎంట్రుకంత జరుగుతది. అందుకే పక్కలకు ఒక తీరుగ, పైకి కిందికి ఇంకో తీరుగ ఉంటది. గది తెల్వకుంట గీస్తే గీతే అయితది, చీర గాదు." నేను రెండు నెలలు కంప్యూటర్ ముందు కూర్చుని కనుక్కోలేనిది ఆయన కరెంటు లేని గదిలో పావుగంటలో చెప్పాడు. సమ్మె జరిగినన్ని రోజులూ అదే బడి. పొద్దున టీ, గ్రాఫ్ కాగితం, మధ్యలో రోడ్డు మీద ఊరేగింపు పోతే ఇద్దరం పిట్టగోడ దగ్గరికి పోయి చూడడం, మళ్లీ కాగితం. ఆయనకు ఇంత విద్య వచ్చని, దాన్ని ఇంత విడమరిచి చెప్పగలడని ఇరవై రెండేళ్లు ఆయన పక్కన పెరిగి కూడా నాకు తెలియదు.

ఒకరోజు "అన్నను అడగకుంట గా చిలుకను గియ్యొద్దు" అన్నాడు. బస్సులు లేవు. సరోజిని ఆంటీ భర్త తన పాత స్కూటర్ తాళం ఇచ్చి, "నెమ్మదిగా పోండి, బ్రేకు కాస్త ముందుగానే పట్టాలి దానికి" అన్నాడు. హయత్‌నగర్ దాటి, పొలాల పక్కనుంచి ఊరు చేరాం. పెద్దనాయిన మగ్గం గుంటలోనే ఉన్నాడు. సంగతంతా నేనే చెప్పాను, తల వంచుకుని. ఆయన నేయడం ఆపకుండా విన్నాడు. "నువ్వు గియ్యకపోతె ఇంకోడు గీస్తడు. నువ్వయితె జర మంచిగన్న గీస్తవ్. గీసుకో. గాని ముందుగాల గా ఆసు కాడ కూసో. ఒక్క గంట. ఏం గీస్తున్నవో నీ చేతికి తెల్వాలె" అన్నాడు. పెద్దమ్మ నూలు చేతికిచ్చింది. పది నిమిషాలకే భుజం మండింది. అరగంటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గంట పూర్తయ్యేసరికి చెయ్యి నాది కాదు. దగ్గర కూర్చున్న పెద్దమ్మ, "మీ అమ్మ కడుపుతోటి ఉండి గూడ రోజుకు ఎనిమిది గంటలు పోసింది బిడ్డా, నువ్వు కడుపుల ఉన్నప్పుడు" అంది. వచ్చేటప్పుడు స్కూటర్ మీద నాయిన భుజానికి తల ఆనించి దారంతా ఏడ్చాను. గాలి హోరులో ఆయనకు వినబడలేదనే అనుకున్నాను. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగినప్పుడు చెప్పాడు, "పని చెయ్యి బిడ్డా. బుద్ధిగ చెయ్యి. గా చీర మీద చేనేత అని మాత్రం రాయనియ్యకు."

సమ్మె ముగిశాక నేను గీసిన చిలుకను చూసి మేనేజర్ కుర్చీలోంచి లేచాడు. ఉద్యోగం ఖాయమైంది. నేను నాయిన మాట చెప్పాను. మేనేజర్ నవ్వి, "లేబుల్ మన పని కాదమ్మా, మన పని బొమ్మ" అన్నాడు. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు, కానీ చెయ్యగలిగింది కూడా ఏమీ లేకపోయింది.

కొన్ని నెలలకు ఒక ఆదివారం నాయినకు టిఫిన్ డబ్బా ఇద్దామని దుకాణానికి వెళ్లాను. లోపల రద్దీగా ఉంది. నాయిన ఒక నడివయసు ఆవిడ ముందు చీర పరుస్తున్నాడు. ఆకుపచ్చ మీద తెల్ల చిలుకలు, మెడ ఒక గడి ఎక్కువ. నా చిలుక. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆవిడ చీర అంచు చేత్తో పట్టుకుని, "ఇది మగ్గం మీద నేసిందేనా?" అంది. వెనక గల్లా దగ్గర సేటు ఉన్నాడు. అంత బాగా వచ్చిన చీరను 'అవును' అంటే కాదనే కన్ను ఆ దుకాణంలో ఇంకొకటి లేదు. నాయిన చీరను తిరగేసి వెనకవైపు చూపించాడు. "కాదమ్మా, ఇది అచ్చు. చూడుండ్రి, ఎనుక రంగు తక్కువుంటది." సేటు తల ఎత్తాడు. నాయిన గుమ్మం వైపు చూడకుండానే, నేనున్నానని తెలియకుండానే, "గాని మా బిడ్డనే గీసింది" అన్నాడు. చీరలు అమ్మే గొంతు కాదది. ఆవిడ ఆయన ముఖం చూసింది, చీర చూసింది. "మీ అమ్మాయి గీసిందా? అయితే ఇదే ఇవ్వండి" అంది. ఆవిడ వెళ్లాక సేటు పిలిచి, "భిక్షపతీ, అన్నీ చెప్పుడు అవసరమా?" అన్నాడు. "అడిగింది గదా సేట్" అన్నాడు నాయిన. తర్వాత తర్వాత అసలు చేనేత కావాలని వచ్చినవాళ్లను సేటే నాయిన దగ్గరికి పంపేవాడు, "ఆయన అబద్ధం చెప్పడు" అని. అది మంచితనమో వ్యాపారమో నాకు తెలియదు. రెండూ కావచ్చు.

ఆ ఉద్యోగం ఎక్కువ కాలం నిలవలేదు. మిల్లువాళ్లే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు, ఒక సోమవారం మేనేజర్ మమ్మల్ని కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. మగ్గం దిగిన ఇంటిపిల్లకు ఆ వార్త కొత్తేమీ కాదు. అప్పటికే సెలవు దినాల్లో పెద్దనాయినకు ముడులు ఎక్కడ కట్టాలో చూపే గ్రాఫులు కంప్యూటర్‌లో గీసి ఇస్తున్నాను. చేత్తో గీస్తే పది రోజులు పట్టేది ఒక్క పూటలో అయ్యేది. అదే నా బతుకైంది. ఇప్పుడు తుర్కయంజాల్లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని ఆ చుట్టుపక్కల నేతగాళ్లకు గ్రాఫులు గీస్తాను. నా గ్రాఫు మీద నేసిన చీరలు ఏయే దేశాలకో పోతుంటాయి. ఆసుకు మోటారు యంత్రం వచ్చింది. మొదటిసారి అది ఆడడం చూసి అమ్మ దాని మీద చెయ్యి వేసి, "నాకు భుజం ఉన్నప్పుడు రాకపోతివి" అంది నవ్వుతూ. ఒక యంత్రం మా మగ్గాన్ని ఆపింది, ఒకటి ఆడవాళ్ల భుజాలు కాపాడింది, ఒకటి నాకు అన్నం పెట్టింది. ఇవాళ నేను చాయ్ తాగేలోపు వంద చిలుకలు గీసే యంత్రం కూడా వచ్చింది, దాన్నీ వాడుకుంటాను. వీటిలో దేన్ని తిట్టాలో, దేనికి దండం పెట్టాలో తేల్చుకోవడం నేను ఎప్పుడో మానేశాను. దండం పెట్టాల్సిన మనుషులు మాత్రం నాకు స్పష్టంగా తెలుసు. స్కూటర్ తాళం చేతిలో పెట్టిన ఇంటాయన, నన్ను ఆసు ముందు కూర్చోబెట్టిన పెద్దనాయిన, ఒక పూట అలిగి తెల్లారి పెన్సిల్ పట్టిన నాయిన. పట్నాన్ని ఆపేసి ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టిన ఆ సమ్మెకు కూడా ఒక దండం.

నాయిన పోయి నాలుగేళ్లయింది. ఉన్నన్నాళ్లూ ప్రతి గ్రాఫూ ఆయన కళ్ల ముందు నుంచి పోయేది. కళ్లద్దాలు పెట్టుకుని గడి గడి లెక్కపెట్టి, తప్పు దొరికితే సంబరపడేవాడు. ఆయన పోయాక నా గీతలో తప్పు పట్టినవాళ్లు లేరు. అందరూ 'బాగుంది మేడం' అంటారు, డబ్బులు పంపుతారు. పోయిన వారం ఒక ఫోన్ వచ్చింది. కొత్త గొంతు, ఆడపిల్ల. డిగ్రీ చదువుతూ ఇంట్లో మగ్గం మీద కూర్చుంటుందట.

"మేడం, మీ గ్రాఫుల ఒక గడి తప్పింది. నేనే సదిరి నేసిన. ఏమనుకోకుండ్రి."

"ఏమనుకోను బిడ్డా. మంచి పని చేసినవ్. ఇంకేమన్న తప్పులుంటే గూడ చెప్పు" అన్నాను.

అవతల కాగితం మడత విప్పిన చప్పుడైంది. "ఉన్నయ్ మేడం," అంది ఆ పిల్ల, "రాసుకుంటరా?"

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, పెన్ను తీశాను.